తంగేడు కేసరం నుంచి మోదుగు రేక దాకా: పూల ఫోటోలపై మీ ప్రశ్నలు

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పాఠకులు పూల ఫోటోల గురించి పంపిన ప్రశ్నలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. ఒకే సందేహం పలువురికి ఉన్నచోట వాటిని కలిపి ఒక ప్రశ్నగా ప్రచురిస్తున్నాము.

ప్రశ్న: నా దగ్గర 18-55 కిట్ లెన్స్‌తో వచ్చిన డీఎస్ఎల్ఆర్ కెమెరా ఉంది. మా ఊరి చెలకల గట్ల మీద పూసే తంగేడు పూలను బాగా దగ్గరగా తీయాలని కోరిక. మాక్రో లెన్స్ లేనిదే అది సాధ్యం కాదని తెలిసినవారు అంటున్నారు. అంత ధర పెట్టే స్తోమత లేదు. వేరే మార్గం ఉందా?
(ఒక ఉపాధ్యాయిని, దేవరకొండ)

జవాబు: ముందుగా మీరు ఒక సంగతి తేల్చుకోవాలి. మీకు కావలసింది తంగేడు పువ్వా, లేక ఆ పువ్వులోని కేసరమా? ఈ రెండింటికీ కావలసిన సామగ్రి వేరు. మాక్రో లెన్సులుగా అమ్మే వాటిలో చాలా వరకు 1:1 నిష్పత్తి దాకా వెళ్తాయి. అంటే వస్తువు అసలు ఎంత ఉంటుందో సెన్సర్ (కెమెరా లోపల బొమ్మను నమోదు చేసే పలక) మీద దాని ప్రతిబింబం కూడా అంతే పడుతుంది. కిట్ లెన్స్‌తో వచ్చే కెమెరాలలో సాధారణంగా ఉండే ఏపీఎస్-సీ అనే పరిమాణపు సెన్సర్ వెడల్పు సుమారు 23 మిల్లీమీటర్లు, ఎత్తు సుమారు 15 మిల్లీమీటర్లు. బాగా విచ్చుకున్న తంగేడు పువ్వు నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి 1:1 దగ్గర అది ఫ్రేములో పట్టనే పట్టదు. మీ కిట్ లెన్స్ జూమ్‌ను 55 మిల్లీమీటర్ల దగ్గర ఉంచి, ఫోకస్ కుదిరినంత దగ్గరకు వెళ్తే, ఆరు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పు గల భాగం ఫ్రేమంతా నిండుతుంది. పువ్వు మొత్తం తీయడానికి అది చాలు. కాబట్టి ఒక్క రూపాయి ఖర్చు లేకుండా రేపే మొదలుపెట్టవచ్చు.

కేసరాలే కావాలనుకుంటే మాత్రం అదనపు సామగ్రి అవసరం. తంగేడులో పది కేసరాలు ఉంటాయి గాని అవన్నీ ఒకే తీరుగా ఉండవు. పైనున్న మూడు పుప్పొడి లేని చిన్నవి. కింది వైపున్నవి పొడవుగా వంగి ఉంటాయి, వాటి కొనన ఉండే సన్నని రంధ్రం గుండా పుప్పొడి బయటకు వస్తుంది. తుమ్మెద ఆ కేసరాన్ని పట్టుకుని ఝుమ్మని కంపించినప్పుడే పుప్పొడి రాలుతుంది. ఆ రంధ్రం కనబడేలా ఫోటో తీయాలంటే 1:1కి దగ్గరగా వెళ్లవలసిందే, అందుకు తక్కువ ఖర్చు మార్గాలు మూడున్నాయి.

మొదటిది ఎక్స్‌టెన్షన్ ట్యూబులు. వీటిలో అద్దాలు ఉండవు. లెన్స్‌ను సెన్సర్‌కు దూరంగా జరపడమే వీటి పని. ట్యూబు పొడవును లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద మిల్లీమీటర్లలో రాసి ఉండే అంకెతో) భాగిస్తే అదనంగా దొరికే మాగ్నిఫికేషన్ తెలుస్తుంది. 50 మిల్లీమీటర్ల లెన్స్‌కు 25 మిల్లీమీటర్ల ట్యూబు తగిలిస్తే 1:2 నిష్పత్తి (అసలు పరిమాణంలో సగం) అదనంగా వస్తుంది. మీ లెన్స్‌ను మాత్రం 55 దగ్గరే ఉంచండి. 18 దగ్గర ఉంచితే ఫోకస్ లెన్స్ ముందు అద్దానికి తగిలేంత దగ్గరగా, ఒక్కోసారి దాని లోపలే పడుతుంది. కొనేటప్పుడు ఎలక్ట్రికల్ కాంటాక్టులు ఉన్నవే అడిగి తీసుకోండి. అవి లేని చవక ట్యూబులతో నేటి లెన్సులలో ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వెళ్లే రంధ్రం పరిమాణం) మార్చడం కుదరదు.

రెండవది లెన్స్ ముందు బిగించే క్లోజప్ లెన్స్. రేనాక్స్ డీసీఆర్-250 వంటివి ఈ కోవలోవే. మీ దగ్గర దూరపు వస్తువులను దగ్గరగా చూపే 55-250 వంటి టెలీజూమ్ కూడా ఉంటే ఇదే మేలైన మార్గం, ఎందుకంటే ఫోకల్ లెంగ్త్ పెరిగే కొద్దీ దీని శక్తీ పెరుగుతుంది. ట్యూబుల వల్ల వెలుతురు తగ్గుతుంది, దీనివల్ల తగ్గదు.

మూడవది రివర్స్ రింగుతో లెన్స్‌ను తిరగేసి బిగించడం. ఇది అన్నింటికన్నా చవకైనది, బాగా పెద్దదిగా చూపేది కూడా. అయితే లెన్స్ వెనుక అద్దం దుమ్ముకు, పుప్పొడికి బయటపడి ఉంటుంది, ఎపర్చర్ మీ అదుపులో ఉండదు. ఎపర్చర్ రింగు ఉన్న పాత మాన్యువల్ లెన్స్ దొరికితే తప్ప దీనిని నేను మీకు సూచించను.

ప్రశ్న: నా ఫోనులో వెనుక మూడు కెమెరాలు ఉన్నాయి. వాటిలో ఒకటి 2 మెగాపిక్సెళ్ల మాక్రో కెమెరా. దానితో గడ్డిచామంతి తీస్తే బొమ్మ మసకగా వస్తోంది. లోపం నాదా, ఫోనుదా?
(డిగ్రీ విద్యార్థి, వనపర్తి)

జవాబు: ఆ చిన్న కెమెరాదే. తక్కువ ధర ఫోన్లలో పెట్టే 2 మెగాపిక్సెళ్ల మాక్రో కెమెరాలకు చాలా వరకు ఆటో ఫోకస్ ఉండదు, సెన్సర్ కూడా మరీ చిన్నది. దానిని పక్కన పెట్టండి. ప్రధాన కెమెరాతో స్పష్టంగా ఫోకస్ కుదిరే దూరం నుంచే తీసి, తరువాత క్రాప్ చేసుకోండి. ఫలితంలో తేడా మీకే కనిపిస్తుంది. ఇంకా దగ్గరగా కావాలంటే ప్రధాన కెమెరా మీద తగిలించే క్లిప్ లెన్స్ వాడవచ్చు. గడ్డిచామంతి మంచి ఎంపిక. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఎన్నో చిన్న పూల గుత్తి. మధ్యలోని పసుపుపచ్చ బొడిపెలలో ప్రతిదీ ఒక పువ్వే. వాటిలో ముందు వరుస మీద వేలితో తాకి ఫోకస్‌ను అక్కడే లాక్ చేయండి.

ప్రశ్న: మాక్రో లెన్స్ కొనడానికి డబ్బు కూడబెట్టాను. 40 మిల్లీమీటర్లది చవకగా ఉంది, 100 మిల్లీమీటర్లది ఖరీదు. రెండూ 1:1 అంటున్నారు. అలాంటప్పుడు ఎక్కువ ధర ఎందుకు పెట్టాలి?
(ఒక ఫోటో స్టూడియో యజమాని, సూర్యాపేట)

జవాబు: రెండూ పువ్వును ఒకే పరిమాణంలో చూపుతాయి, కాని ఎంత దూరం నుంచి చూపుతాయన్నదే తేడా. లెన్స్ వివరాలలో రాసే కనీస ఫోకస్ దూరాన్ని సెన్సర్ దగ్గర నుంచి కొలుస్తారు, లెన్స్ కొన నుంచి కాదు. నికాన్ 40 మిల్లీమీటర్ల మైక్రో (మాక్రోకు నికాన్ వాడే పేరు) లెన్స్‌కు ఆ దూరం 16.3 సెంటీమీటర్లు. అందులో కెమెరా మందం, లెన్స్ పొడవు తీసివేస్తే పువ్వుకూ లెన్స్‌కూ మధ్య మిగిలేది నాలుగు వేళ్ల సందు కూడా కాదు. అంత దగ్గరలో లెన్స్ నీడ పువ్వు మీద పడుతుంది, పువ్వు మీద వాలిన తేనెటీగ ఎగిరిపోతుంది. కానన్ 100, నికాన్ 105, టామ్రాన్ 90 వంటి లెన్సులలో కనీస ఫోకస్ దూరం 30 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి పువ్వు ముందు జానెడుకు కాస్త తక్కువ ఖాళీ దొరుకుతుంది. పైగా పొడవైన లెన్స్ వెనుక దృశ్యంలో చిన్న ముక్కనే చూపుతుంది, అందువల్ల నేపథ్యం ప్రశాంతంగా ఉంటుంది. మీరు స్టూడియోలో టేబుల్ మీద పూలు, నగలు మాత్రమే తీసేట్లయితే 40 చాలు. పొలాలకు, గుట్టలకు వెళ్లే ఉద్దేశం ఉంటే 90 లేదా 100 కోసం ఇంకొంతకాలం ఆగండి. వాడినది మంచి స్థితిలో దొరికినా తీసుకోవచ్చు.

ప్రశ్న: ఎంత ప్రయత్నించినా పువ్వు మొత్తం షార్ప్‌గా రావడం లేదు. ఒక రేక బాగుంటే మరో రేక మసకబారుతోంది. ఎపర్చర్ ఎఫ్/22కి పెట్టి చూస్తే అన్నీ సమానంగా మసకగా వచ్చాయి. పైగా గునుగు పూలు గాలికి ఊగుతూనే ఉంటాయి. ఏం చేయాలి?
(ఒక పాఠకుడు, మిర్యాలగూడ)

జవాబు: ఎఫ్/22 దగ్గర మీరు గమనించింది సరైనదే. ఎఫ్ పక్కన అంకె పెరిగే కొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదవుతుంది. అది మరీ చిన్నదైతే దాని అంచుల వద్ద కాంతి వంగి చెదురుతుంది, దానినే డిఫ్రాక్షన్ అంటారు. 1:1 నిష్పత్తిలో ఇది మరింత ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఎఫ్/22 అని పెట్టినా ఆచరణలో అది సుమారు ఎఫ్/44తో సమానం. ఏపీఎస్-సీ కెమెరాతో ఎఫ్/8 నుంచి ఎఫ్/11 దాటకపోవడం మంచిది.

ఇక ఒక రేక షార్ప్‌గా వచ్చి మరొకటి రాకపోవడం మీ చేతి లోపం కాదు. ఎఫ్/8 దగ్గర 1:4 నిష్పత్తిలో స్పష్టంగా కనిపించే లోతు సుమారు 6 మిల్లీమీటర్లు. 1:2 దగ్గర అది 2 మిల్లీమీటర్లకు పడిపోతుంది. 1:1 దగ్గర 0.6 మిల్లీమీటర్లు, అంటే రూపాయి బిళ్ల మందంలో సగం కూడా ఉండదు. ఇంత పలుచని పొరను పువ్వులో ఎక్కడ ఉంచాలన్నదే మాక్రో ఫోటోగ్రాఫర్ చేయవలసిన అసలు నిర్ణయం అని నా గట్టి నమ్మకం. లెన్స్ ఏదైనా, ఎపర్చర్ ఎంతైనా, తరువాత ఎడిటింగ్ ఎలా చేసినా, అన్నీ ఈ నిర్ణయం తరువాతివే. మందారంలో కీలం కొనన ఉండే ఎర్రని అయిదు బొడిపెలా, రేక మీది గీతలా? ఒకటి ఎంచుకుని, ఆ భాగం సెన్సర్‌కు సమాంతరంగా ఉండేలా కెమెరాను తిప్పండి. ఎదురుగా నిలబడి కాక పక్కనుంచి తీస్తే, అదే ఎపర్చర్‌తో పువ్వులో ఎక్కువ భాగం ఆ పొరలోకి వస్తుంది. గునుగు కంకి నిలువుగా ఉంటుంది కాబట్టి పక్కనుంచి తీయడానికి చాలా అనువైనది. కింద వెండి తెలుపు, కొనన గులాబీ రంగు రెండూ ఒకే తలంలో పట్టుబడతాయి.

ఆటో ఫోకస్‌ను ఆపేయండి. లైవ్ వ్యూలో (కెమెరా వెనుక తెర మీద) బొమ్మను పెద్దది చేసి, ఫోకస్ రింగును కదపకుండా కెమెరానే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరుపుతూ, కోరిన భాగం స్పష్టమైన క్షణంలో నొక్కండి. నేలకు దగ్గరగా పూసే పూలకు ట్రైపాడ్ కన్నా జొన్నలు నింపి కుట్టిన చిన్న సంచి బాగా పనిచేస్తుంది; కెమెరాను దాని మీద ఆనించి కదపడం తేలిక.

పువ్వు మొత్తం షార్ప్‌గా కావలసిన సందర్భాలూ ఉంటాయి, ఉదాహరణకు మొక్కల గుర్తింపు కోసం తీసేటప్పుడు. అప్పుడు ఫోకస్ స్టాకింగ్ చేయాలి. ఎఫ్/5.6 లేదా ఎఫ్/8 దగ్గర, ముందు రేక అంచు నుంచి మొదలుపెట్టి వెనుక రేక దాకా, ఒక ఫోటోలోని స్పష్టమైన పొర తరువాతి దానితో కొంత కలిసేలా, వరుసగా ఫోటోలు తీసి కంప్యూటర్‌లో కలుపుతారు. ఫోటోషాప్‌లో ఈ సౌకర్యం ఉంది. హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ దీని కోసమే తయారైన సాఫ్ట్‌వేర్లు. కలిపిన తరువాత రేకల అంచులను పెద్దవి చేసి చూడండి. ఒక రేక మరో రేకను దాటేచోట మసక వలయాలు వస్తాయి, వాటిని చేత్తో సరిదిద్దాలి. ఈ పద్ధతికి గాలి కదలిక ఏమాత్రం పనికిరాదు కాబట్టి ఇంట్లో కిటికీ పక్కన చేయడమే మేలు.

బయట గాలికి కొన్ని ఉపాయాలు ఉన్నాయి. సూర్యోదయం తరువాత మొదటి గంటలో గాలి సాధారణంగా తక్కువగా ఉంటుంది, అప్పుడు వెళ్లండి; కాండాన్ని పక్కన గుచ్చిన పుల్లకు బట్టల క్లిప్పుతో మెల్లగా పట్టించి, గాలి వచ్చే వైపు అట్టముక్క నిలపండి. ఫ్లాష్ ఉంటే తక్కువ పవర్ మీద వాడండి. దాని మెరుపు సెకనులో పదివేలవ వంతుకు దగ్గరగా ఉండి కదలికను ఆపేస్తుంది.

ప్రశ్న: మా పత్తి చేనులో పూలు తీస్తే కొన్నిసార్లు బూడిద రంగులో, కొన్నిసార్లు వివరాలేవీ లేకుండా తెల్లగా వస్తున్నాయి. ఎందుకిలా?
(ఒక యువ రైతు, మునుగోడు)

జవాబు: వెలుతురు కొలిచే కెమెరా మీటరు చూసిన ప్రతిదానినీ మధ్యస్థమైన బూడిద రంగుగా భావిస్తుంది. లేత రంగు పువ్వు ఫ్రేమంతా నిండితే, వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది, దానితో పువ్వు బూడిదరంగుకు తిరుగుతుంది. అలాంటప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (కెమెరా ఎంచుకున్న వెలుతురును పెంచే, తగ్గించే సెట్టింగును) +2/3 నుంచి +1 దాకా పెంచాలి. పువ్వు చిన్నదిగా ఉండి చుట్టూ ముదురు ఆకులు, తడి నేల ఉంటే కెమెరా దీనికి వ్యతిరేకంగా ప్రవర్తించి పువ్వును మాడ్చేస్తుంది, అప్పుడు అంతే తగ్గించాలి. రెండు సందర్భాలలోనూ తెర మీది బొమ్మను కాక హిస్టోగ్రామ్‌ను (ముదురు నుంచి లేత దాకా వెలుతురు ఎంతెంత నమోదైందో చూపే గ్రాఫును) నమ్మండి. చేనులో ఎండకు తెర సరిగా కనిపించదు.

ఎండ నేరుగా పడేటప్పుడు పువ్వుకూ సూర్యునికీ మధ్య తెల్లని పంచె గుడ్డను ఒక పొరగా పట్టుకోండి. వెలుగు పరచుకుని రేకల మడతలు కనిపిస్తాయి. పత్తి పువ్వు ఉదయం లేత మీగడ రంగులో విచ్చుకుని మరునాటికి గులాబీ రంగుకు తిరిగి వాడిపోతుంది. ఒకే మొక్క మీద ఈ రెండు రంగులనూ పక్కపక్కన పట్టుకునే అవకాశం చేనులో ఉండేవారికే దొరుకుతుంది. బయటివారు ఒక్క పూట వచ్చి తీయలేనిది మీరు తీయగలరు, ఆ వరుసను తప్పక తీయండి. పురుగుమందు కొట్టిన చేనులోకి మాత్రం డబ్బా మీద రాసిన వ్యవధి గడిచేదాకా వెళ్లకండి; పువ్వుకు ముఖం ఆనించి ఊపిరి పీల్చే పని ఇది.

ప్రశ్న: మన్ననూరు వెళ్లే దారిలో మోదుగు పూలు తీశాను. కంటికి ఎంతో అందంగా కనిపించిన పువ్వు ఫోటోలో ఎర్రరంగు ముద్దలా ఉంది. ఎడిటింగ్‌లో ఏం చేసినా గీతలు, మడతలు రావడం లేదు.
(ఒక పాఠకురాలు, అచ్చంపేట)

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం, ఎందుకంటే ఫాల్గుణంలో మోదుగు పూసినప్పుడల్లా ఇలా చెడిన ఫోటోలు ఎన్నో చూస్తుంటాము. కెమెరా ప్రతి రంగునూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు ఛానళ్లుగా నమోదు చేస్తుంది. మోదుగు రేక నుంచి వచ్చే కాంతిలో అధిక భాగం ఎరుపే. మొత్తం వెలుతురు సరిగ్గా ఉన్నట్లు కనిపించినా ఎరుపు ఛానల్ ఒక్కటి నిండి పొంగిపోతుంది. పొంగిన చోట వివరాలు నమోదే కావు, నమోదు కానిదానిని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. తంగేడు, బంతి పూలలో ఎరుపుతో పాటు ఆకుపచ్చ ఛానల్ కూడా పొంగవచ్చు.

కాబట్టి వైద్యం తీసేటప్పుడే జరగాలి. రా ఫార్మాట్‌లో (సెన్సర్ నమోదు చేసిన మూల సమాచారాన్ని దాచే ఫైలుగా) తీయండి. కెమెరాలో మూడు రంగులను విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్‌ను తెరిచి, ఎరుపు కుడి గోడకు తగలకుండా ఎక్స్‌పోజర్‌ను రెండు మూడింట వంతుల నుంచి ఒక స్టాప్ దాకా (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది) తగ్గించండి. ఆ హిస్టోగ్రామ్ కెమెరా లోపల సిద్ధమయ్యే జేపెగ్ ఫోటో ఆధారంగా వస్తుంది గనుక పిక్చర్ స్టైల్‌ను (రంగుల గాఢతను నిర్ణయించే సెట్టింగును) వివిడ్‌లో కాక న్యూట్రల్‌లో ఉంచాలి. మిట్టమధ్యాహ్నం కాక, మబ్బు పట్టిన వేళ గాని, ఉదయం పక్కనుంచి పడే వెలుగులో గాని తీస్తే రేకల మీది పట్టులాంటి సన్నని నూగు, తొడిమ దగ్గర ముదురు గోధుమ రంగులో ఉండే మఖ్మల్ గిన్నె రెండూ కనిపిస్తాయి. ఎర్రని రేకకు ఆ ముదురు గిన్నె పక్కన ఉంటేనే అందం, దానిని ఫ్రేము నుంచి కోసేయకండి.

ఎడిటింగ్‌కు లైట్‌రూమ్ ఉంటే సరే, లేకపోతే డార్క్‌టేబుల్, రాథెరపీ ఉచితంగా దొరుకుతాయి. ఫోనులో స్నాప్‌సీడ్ కూడా కొన్ని రకాల రా ఫైళ్లను తెరుస్తుంది. ముందు వైట్ బ్యాలెన్స్ సరిచేయండి. చెట్టు నీడలో తీసిన వాటికి ఆకుల పచ్చదనం అంటుకుని ఉంటుంది. తరువాత హైలైట్స్ (బాగా వెలుగైన భాగాలు) తగ్గించండి. అప్పటికీ రేకలు ముద్దగానే ఉంటే మొత్తం సాచురేషన్ (రంగుల గాఢత) జోలికి పోకుండా, ఎరుపు, నారింజ రంగుల సాచురేషన్‌ను మాత్రం కొద్దిగా దించి, వాటి ల్యూమినెన్స్‌ను (వెలుగును) కూడా ఒకింత తగ్గించండి. మడతలు నెమ్మదిగా బయటపడతాయి. షార్పెనింగ్‌ను మాస్క్ (మార్పు ఎక్కడ పడాలో హద్దు గీసే సాధనం) సాయంతో మీరు ఎంచుకున్న భాగానికే పరిమితం చేయండి. నేపథ్యానికి కూడా షార్పెనింగ్ ఇస్తే అక్కడి నాయిస్ (గరుకు చుక్కలు) పెరుగుతుంది. ఇతరులకు పంపేటప్పుడు ఎస్ఆర్‌జీబీలో (ఎక్కువ తెరలు పాటించే రంగుల ప్రమాణంలో) సేవ్ చేయకపోతే వారి ఫోన్లలో రంగులు వేరుగా కనిపించవచ్చు.

ప్రశ్న: ఫోటో పోటీలకు పంపే పూల ఫోటోల మీద నీళ్లు చల్లడం, నేపథ్యం మార్చడం తప్పా?
(ఒక పాఠకుడు, నల్గొండ)

జవాబు: ప్రతి పోటీకీ తన నిబంధనలు ఉంటాయి, ముందు వాటిని చదవండి. నా అభిప్రాయం అడిగితే, ఇంటి పెరటి చామంతి మీద నీళ్లు చల్లడంలో తప్పులేదు, అది మంచు బిందువు అని శీర్షిక పెట్టనంత వరకు. పువ్వు వెనుక కాస్త దూరంలో ముదురు రంగు అట్ట నిలపడం కూడా తీసేటప్పుడు చేసే అమరికే. తీసిన తరువాత నేపథ్యాన్ని మార్చడం, లేని సీతాకోకచిలుకను తెచ్చి అతికించడం మాత్రం వేరే సంగతి; ప్రకృతి విభాగాలలో అది సాధారణంగా అనర్హతకు దారితీస్తుంది. సెన్సర్ దుమ్ము మచ్చలు తుడవడం, క్రాప్ చేయడం, వెలుతురు సరిచేయడం ఎక్కువ చోట్ల అంగీకరించినవే.

పువ్వును తెంపి తెచ్చి తీయడం గురించి కూడా కొందరు అడిగారు. సొంత పెరడు, సొంత చేను అయితే మీ ఇష్టం. అమ్రాబాద్ వంటి అభయారణ్య ప్రాంతాలలో అనుమతి లేకుండా మొక్కలకు హాని చేయడం, తెంపుకుపోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అక్కడ కొమ్మను వంచి కట్టడం, అడ్డొచ్చిన గడ్డిని పీకడం కూడా వద్దు. అడ్డొచ్చిన గడ్డిపోచను వేలితో పక్కకు పట్టుకుని తీసి వదిలేయవచ్చు. చివరి వడపోతలో చాలా పోటీల నిర్వాహకులు అసలు రా ఫైల్ పంపమంటారు కాబట్టి, ఫలితాలు వచ్చేదాకా దానిని మెమరీ కార్డులోనే కాక మరొక చోట కూడా భద్రపరచండి.